ఆదివారం కూలికి పోని పల్లె

పెద్దమ్మ పోయిందన్న కబురు విని బయలుదేరి, ఒంగోలుకూ చీరాలకూ నడుమ ఉన్న మా ఊరి అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. పొలాల అవతల ఎక్కడో ఒక పొగాకు బారనుకు మంట వేసినట్టున్నారు. కట్టెల పొగతో కలిసి, మగ్గుతున్న ఆకు వాసన, తీపి ఎంతో ఘాటు ఎంతో చెప్పలేని ఆ వాసన, రోడ్డు మీదికి వచ్చేసింది. పెద్దమ్మ బతికినన్నాళ్ళూ ఆమె కొంగుకు ఉన్న వాసన అదే. పెట్టెలో పడుకోబెట్టిన మనిషి మీద ఎవరో సెంటు చల్లారు గాని, నాకు మాత్రం ఆ రోజంతా బారను వాసనే ముక్కులో ఉండిపోయింది.

మా మాదిగపల్లెలో ఆడవాళ్ళందరికీ పొగాకే బతుకు. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి ఎండలు ముదిరేదాకా గ్రేడింగు షెడ్డులో వరసలుగా కూర్చుని, ఒక్కొక్క ఆకునూ వెలుతురుకు ఎత్తి చూసి, రంగును బట్టీ మచ్చను బట్టీ కుప్పలు వేసేవాళ్ళు. ఆకు జిగురు వేళ్ళకు నల్లగా అట్టకట్టి, ఎంత రుద్దినా పోయేది కాదు. అమ్మ కలిపి పెట్టిన అన్నం ముద్ద చివర చిన్న చేదు తగిలేది. అన్నమంటేనే అట్లా ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను.

సీజను మంచి ఊపులో ఉన్నప్పుడు శనివారం రాత్రి మేస్త్రీ పల్లెలోకి వచ్చేవాడు. లారీ వచ్చి నిలబడి ఉందనీ, మర్నాడు కూడా అందరూ పనిలోకి రావాలనీ, కావాలంటే కూలి మీద కొంత ఎక్కువ ఇప్పిస్తాననీ ముందు బతిమాలేవాడు, ఆ తరువాత బెదిరించేవాడు. పెద్దమ్మ మంచం మీద నుంచి లేవకుండానే, "ఆదివారం మాది కాదయ్యా, దేవుడిది. ఆయన సొమ్ము మేం ఎట్టా అమ్ముకుంటాం?" అనేది. పిల్లవాడికి జ్వరమంటే నిలదీసేవాడు, ఒంట్లో బాగాలేదంటే వెక్కిరించేవాడు గాని, ఈ మాటకు ఆ మేస్త్రీ దగ్గర జవాబు ఉండేది కాదు. బీడీ ఆర్పేసి వెళ్ళిపోయేవాడు.

చిన్నప్పుడు నేను దాన్ని భక్తి అనుకున్నాను. భక్తే, సందేహం లేదు. అయితే వారానికొక సెలవు రోజు అనే మాట చట్టంగా ఏ షెడ్డు గడపా తొక్కని కాలంలో, అక్షరం రాని రోజుకూలి ఆడవాళ్ళు యజమాని చేత ఒప్పించుకున్న సెలవు అది ఒక్కటేనన్న సంగతి, నేను ఉద్యోగంలో చేరి ఉపాధ్యాయ సంఘం సమావేశాలకు పోవడం మొదలుపెట్టాక గాని తట్టలేదు. ఆదివారం ఉదయం వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క మీద, మా క్రైస్తవ గుడిని చూసుకునే ఉపదేశి తాత ఇనుప కడ్డీతో మూడు దఫాలు గంట కొట్టేవాడు. మొదటి గంటకు పొయ్యి మీద నీళ్ళు కాగేవి, రెండో గంటకు కొప్పులు ముడిచేవాళ్ళు, మూడో గంటకు గుడిలో చాపల మీద ఎవరి చోటులో వాళ్ళు ఉండేవాళ్ళు.

*

ఈ ఆదివారం పట్టుదల పెద్దమ్మతో మొదలైనది కాదు. నాయనమ్మ దీన్ని కథగా చెప్పేది. పెద్దయ్యాక నేను చదివినదానితో పోల్చుకుంటే ఆమె చెప్పినది చాలావరకు సరిపోయింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే తాళ్ళకొండపాడు మాదిగాయన ఎర్రగుంట్ల పేరయ్య ఆయన దగ్గరికి తొలినాళ్ళలోనే వచ్చాడు. మిషన్ బడికి అప్పటికే కలిగినవాళ్ళ పిల్లలు వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను మాన్పిస్తామని వాళ్ళ పెద్దలు చెప్పారు. అప్పుడు భార్యాభర్తలిద్దరూ వేరువేరుగా, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిస్తే, లోకం నీచమని తోసేసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని కొరింథీయులకు పౌలు రాసిన భాగమే ఇద్దరికీ కనబడిందని క్లౌ రాసుకున్నాడు. నాయనమ్మ ఈ ఘట్టం దగ్గర ఎప్పుడూ ఆగేది, ఆగి మా మొహాలు చూసేది.

క్రైస్తవంలో కలిసినవాళ్ళకు క్లౌ దొర పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మూడూ మతానికి సంబంధించినవే. కాని పిలిచినప్పుడల్లా చాకిరీకి పోవడం, చచ్చిన గొడ్డును మోయడం, ఊరి జాతరలో డప్పు కొట్టడం మాదిగవాడి విధిగా నిలబెట్టిన ఊరికి ఆ మూడూ మూడు తిరుగుబాట్లు. అందుకే దెబ్బలు పడ్డాయి, బావుల దగ్గర అడ్డుకోవడాలు జరిగాయి, లేనిపోని కేసులు పడ్డాయి. దొర గుడికి రమ్మని పిలిచాడు. వెళ్ళినవాళ్ళు పనిగంటల దగ్గర, బావి దగ్గర, కచేరీ దగ్గర తగాదాలోకి వెళ్ళారు. విశ్వాసం వేరు, రాజకీయం వేరు అని ఇప్పుడు ఎవరైనా గంభీరంగా చెబితే నాకు ఆ తరంవాళ్ళే గుర్తుకొస్తారు. ఆ తేడా పాటించే వెసులుబాటు వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు.

1876లో వానలు తప్పి, మద్రాసు ప్రెసిడెన్సీని రెండేళ్ళపాటు కరువు పీల్చి వేసింది. క్లౌ సర్వే పని నేర్చిన మనిషి. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టుకు తీసుకుని, బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవాళ్ళ చేతికి పార, తట్ట ఇచ్చాడు. మేము సముద్రానికి పోయేటప్పుడు ఆ కాలువ దాటాలి. దాటిన ప్రతిసారీ నాయనమ్మ, "ఇది మా అవ్వ తట్ట మోసిన కాలవరా" అనేది. అదే చోటో కాదో ఎవరికి తెలుసు? మాకు మాత్రం ఆ నీళ్ళ మీద ఏదో హక్కు ఉన్నట్టుండేది.

ఆ కరువులో ఏడాదికి పైగా, ఎంతమంది అడిగినా, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన జాగ్రత్త. సహాయపు పనులు ముగిశాక, 1878 జూలై 3న, వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఒక్కొక్క దఫా ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. దొర తాను ఇవ్వలేదు. నాయనమ్మకు ఆ సంఖ్య నోటికి వచ్చు. ఆమెకు వచ్చిన పెద్ద అంకె అది ఒక్కటే.

*

అన్ని జాగ్రత్తలు పడినా మాట రాకుండా పోలేదు. నా చిన్నతనంలోనూ బడిలో తగాదా వస్తే అవతలి పిల్లలు మొదట అనే మాట, "మీరు గోధుమరవ్వకు కలిసినోళ్ళు" అని. విచిత్రమేమిటంటే, అలా అన్న పిల్లలూ మేమూ మధ్యాహ్నం ఒకే వరుసలో కూర్చుని తినేది ఒకే అమెరికా ఉప్మా. కేర్ సంస్థ సరఫరా చేసిన ఆ పసుపుపచ్చ మొక్కజొన్న పిండిని పెద్ద బాణలిలో ఉడికించి, ఆకుల్లో వడ్డించేవారు. చేతులు కలిపిన బొమ్మ ఉన్న ఆ సంచులు ఊళ్ళో పరుపులయ్యాయి, నూనె డబ్బాలు బియ్యం డబ్బాలయ్యాయి. ఉప్మా తిన్నందుకు ఊళ్ళో ఎవరి మతమూ మారలేదు. ఆ మాట మాత్రం మా ఒక్కరికే మిగిలింది.

దివిసీమను ఉప్పెన ముంచెత్తిన 1977 నవంబరులో గాలివాన మా వైపు తాటాకు కొంపలను కూడా లేపేసింది. కొన్నాళ్ళకు మిషన్ ద్వారా దుప్పట్లు, పాలపిండి వచ్చాయి. గుడి ముందు వరుస కట్టించినప్పుడు ఉపదేశి తాత చెరువుకట్ట మీది యానాదులను ముందు నిలబెట్టాడు. మా ఆడవాళ్ళు సణిగారు, వాళ్ళు ఒక్క ఆదివారమైనా గుడికి వచ్చారా అని అడిగారు. తాత విననట్టే ఉండి, దుప్పట్లు లెక్కపెట్టుకుంటూ పోయాడు. చివరకు మా ఇంటికి దుప్పటి అందలేదు. పెద్దమ్మ ఆ సంగతి చనిపోయేదాకా మర్చిపోలేదు. కోపంగా చెప్పిందో గొప్పగా చెప్పిందో నాకు ఇప్పటికీ తేలదు.

ఉపదేశి తాత అంటే పాస్టరు కాదు. పాస్టరు అయ్యగారు నెలకొకసారి సైకిలు మీద వచ్చి ప్రభురాత్రి భోజనం ఇచ్చి వెళ్ళేవారు. మిగిలినదంతా తాతే. పగలు గుడిలోనే బడి, రాత్రి లాంతరు కింద పెద్దవాళ్ళకు అక్షరాలు, ఆదివారం కీర్తనలు, ప్రసంగం. ఇవి అయ్యాక, భోజనాల వేళకు, గుడి అరుగు మీద అర్జీలు. ఇళ్ళ స్థలాల కోసం తాసిల్దారుకు, బంజరు పట్టాల కోసం, సమాధుల తోట దారి ఎవరో దున్నుకున్నందుకు, కూలి ఎగ్గొట్టిన ఆసామి మీద. తెల్ల కాగితం కింద కార్బను పెట్టి, రెండో ప్రతి గుడిలోనే ఉంచేవాడు. గుడి గోడలోని చెక్క బీరువాలో పై అరలో బాప్తిస్మాల పుస్తకం, కింది అరలో ఆ అర్జీల కట్టలు ఉండేవి. రెంటికీ తాళంచెవి ఒకటే. ప్రసంగంలో ఆయన ప్రభుత్వం పేరెత్తిన గుర్తు నాకు లేదు. వారమంతా మాత్రం ప్రభుత్వానికే ఉత్తరాలు రాసేవాడు.

*

గుడిలో ఇంకొక పెట్టె ఉండేది. పూట పూటకూ ఎసట్లో పోసే బియ్యంలో నుంచి ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ తెచ్చి పెట్టెలో ఒంపేవాళ్ళు. పిడికెడు బియ్యం అనే ఆ కానుక మీదే ఉపదేశి తాత కుటుంబం బతికేది, పల్లెలో మంచం పట్టినవాళ్ళకు గంజి కాగేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పెట్టె కొంచెం బరువెక్కింది. ముందు తరాల్లో జొన్నలు, సజ్జలు కూడా అందులోనే కలిసి ఉండేవని అమ్మ చెప్పేది.

నేను చీరాలలో ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు, అక్కడికి దగ్గరి ఊరైన కారంచేడులో మాదిగల మీద మారణకాండ జరిగింది. మాదిగలు తాగే చెరువు నీళ్ళను పాడుచేయవద్దన్న మాట మీద మొదలైంది. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, 1985 జూలై 17న, వందలమంది కమ్మ భూస్వాముల గుంపు పల్లె మీద పడి ఆరుగురిని చంపింది, ఆడవాళ్ళను చెరిచింది. మిగిలినవాళ్ళు పొలాలకు అడ్డంపడి చీరాలకు పరుగెత్తి వచ్చి, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడే శిబిరం వెలిసింది. మేము కాలేజీ ఎగ్గొట్టి నీళ్ళ బిందెలు మోశాం. చనిపోయినవారి పేర్లు గోడకు అంటించిన కాగితం మీద చదివినప్పుడు, మా గుడి హాజరు పట్టీ చదువుతున్నట్టే ఉంది. వాటిలో మోషే లాంటి బైబిలు పేర్లు ఉన్నాయి.

ఆ ఆదివారం నేను ఊరికి వచ్చి శిబిరం సంగతి చెప్పాను. పెట్టెలోని బియ్యం పంపాలన్నది పెద్దమ్మే. టౌను నుంచి ఆ రోజు వచ్చిన ఒక సంఘ పెద్ద ఒప్పుకోలేదు. పై అధికారులకు లోబడి ఉండమని పౌలు చెప్పాడనీ, అక్కడ ఎర్రజెండాలవాళ్ళు కూడా తిరుగుతున్నారనీ, సంఘం బియ్యం రాజకీయాలకు పోకూడదనీ ఆయన వాదన. ఆయన చెడ్డవాడేమీ కాదు, భయపడ్డాడు. ఉపదేశి తాత చాలాసేపు నేల చూసి, "అక్కడ కూడు తినేది రాజకీయాలు కాదయ్యా, మన పిల్లలు" అని, గోనెసంచీ తెమ్మన్నాడు. పెట్టె అడుగుదాకా ఊడ్చి పంపారు. ఆ వారం తాత ఇంట్లో ఏం తిన్నారో నేను అడగలేదు.

ఆ ఉద్యమానికి ముందుండి నడిచినవాళ్ళు గుళ్ళలో నుంచి రాలేదు. కత్తి పద్మారావు నాస్తికుడు, హేతువాది. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి వచ్చాడు. సెప్టెంబరు నాటికి దళిత మహాసభ పుట్టింది. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కారంచేడు ఉంది. మా గుళ్ళు ఆవరణ ఇచ్చాయి, బియ్యం ఇచ్చాయి, ప్రార్థన ఇచ్చాయి. ప్రసంగ వేదిక మాత్రం ఇవ్వలేదు. నేను విన్న ప్రసంగాల్లో కారంచేడు ఒక్కటంటే ఒక్కసారి, అదీ శ్రమలు సహించడం గురించి చెప్పినప్పుడు, వచ్చింది. ఆ రోజు లేచి బయటికి పోవాలనిపించింది గాని, పెద్దమ్మ పక్కనే కూర్చుని ఉంది.

*

మా పల్లెలో ప్రతివాళ్ళకూ రెండు పేర్లు. ఒకటి పాస్టరుగారు నీళ్ళలో ముంచినప్పుడు పెట్టినది, రెండోది బడిలో చేర్చేటప్పుడు మాస్టారు రాసినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డు కులాలవారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన మాదిగ, మాలలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి, ఒక్క శాతం రిజర్వేషన్ వాటాలోకి వెళ్తారు. కాబట్టి హాస్టలు సీటుకు ఒక పేరు, స్వర్గానికి ఒక పేరు అని మేము నవ్వుకునేవాళ్ళం. ఉపదేశి తాత మాత్రం నవ్వేవాడు కాదు. ఆదివారం అబద్ధమాడవద్దని చెప్పి, సోమవారం మా తండ్రులతో కలిసి బడికి నడిచి, దరఖాస్తులో హిందూ అని తన చేత్తో రాసి, కిందికి చూస్తూ ఇంటికి వచ్చేవాడు. ఊళ్ళో బావి దగ్గర మమ్మల్ని ఆపినవాళ్ళు మాత్రం ఏనాడూ మా మతం అడిగి ఆపలేదు.

ఇది పాత సంగతి అయిపోలేదు. క్రైస్తవంలోకి వెళ్ళినవారికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. ఆ కేసులో ఫిర్యాదు చేసినది ఒక పాస్టరు. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని రాష్ట్ర శాసనసభ 2023లో తీర్మానం చేసింది. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసి, దాని గడువు పొడిగిస్తూ వచ్చింది. కారంచేడు నెత్తుటి మీద వచ్చిన చట్టం మోషే, సువార్త అనే పేర్లవాళ్ళను ముందు మీ మతమేమిటని అడుగుతుందంటే, దానికి ఏ ప్రసంగం సరిపోతుందో నాకు తెలియదు.

గుడి కూడా కులాన్ని గడప బయటే వదిలి రాలేదు. ఒంగోలు బాప్టిస్టులు ఎక్కువగా మాదిగలు, గుంటూరు లూథరన్లు ఎక్కువగా మాలలు. ప్రభువు బల్ల ఒకటే గాని పెళ్ళి సంబంధాలు ఎప్పుడూ ఒకటి కాలేదు. మా పక్కనే ఉన్న ఈదుమూడిలో 1994లో, ఎస్సీ రిజర్వేషన్లను వర్గీకరించాలనే మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు మా కుర్రవాళ్ళు డప్పులు కొనుక్కొచ్చారు. పెద్దమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. "మా ముత్తాతలు తన్నులు తిని మరీ మానేసిన డప్పును మళ్ళీ మెడకు తగిలించుకుంటారేందిరా" అంది. కుర్రవాళ్ళు, అప్పుడు కొట్టమన్నది ఊరు, ఇప్పుడు కొడుతున్నది మేము అన్నారు. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. కొన్నేళ్ళకు క్రిస్మస్ రాత్రి నక్షత్రం ముందు డప్పు కొడుతుంటే కిటికీలో నుంచి చూసింది గాని, నచ్చిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

*

నేను ఆ ఆదివారం దాకా ఊళ్ళోనే ఉన్నాను. పాత గుడి లేదు. స్లాబు వేసి, టైల్సు పరిచి, నాలుగు సౌండు బాక్సులు పెట్టారు. పాస్టరుగారు ఉత్సాహవంతుడు, మంచి గొంతు. వీసాల కోసం, ఇళ్ళ కోసం, అప్పులు తీరడం కోసం పేరుపేరునా ప్రార్థించారు. వాటిని తేలిక చేయను; మా అమ్మ ప్రార్థించినది కూడా కూలి కోసమే. అయితే కూలి సరిగా ఎందుకు రాదని అడిగే మనిషి ఆ అరుగు మీద ఒకప్పుడు కూర్చుని ఉండేవాడు.

ఆరాధన అయ్యాక సంఘ కమిటీ కూర్చుంది. సమాధుల తోటలో కొంత భాగాన్ని పక్క పొలం ఆయన కలుపుకున్నాడు. లా చదువుతున్న పల్లె అమ్మాయి ఒకతె ఉపదేశి తాత పాత అర్జీల ప్రతులు దాచి పెట్టింది. వాటిని జతచేసి కోర్టులో వేయాలని, అందుకు పిడికెడు బియ్యం నిధిలో నుంచి డబ్బు కావాలని అడిగింది. ఇప్పుడు ఎవరూ బియ్యం వేయరు, కవరులో నోట్లు వేస్తారు. నిధి పేరు మాత్రం మారలేదు. వాదన గంటకు పైగా సాగింది. ఎన్నికలు దగ్గరలో ఉన్నాయనీ, అవతలివాళ్ళు పార్టీ మనుషులనీ, సంఘం సొమ్ము ఇట్లాంటి వాటికి వాడకూడదనీ కొందరన్నారు. చేతులెత్తిస్తే ఇవ్వాలన్నవాళ్ళే ఎక్కువయ్యారు, ఆడవాళ్ళ చేతులతో. కోశాధికారి డబ్బు లెక్కపెట్టి, వోచరు మీద పరిచర్య ఖర్చు అని రాయబోయాడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. కోర్టు ఖర్చు అని రాస్తేనే సంతకం చేస్తానంది. ఆయన పాస్టరుగారి వైపు చూశాడు, ఆయన మైకు వైరు చుట్టుకుంటూ ఉన్నారు. కొట్టేసి, కోర్టు ఖర్చు అని రాశాడు.